సేంద్రియ సాగు ఒక్కటే ప్రపంచానికి తిండి పెట్టగలదా?

ఉన్నపళంగా అందరూ మారితే పెట్టలేదు. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, సేంద్రియ దిగుబడులు పంటనూ పరిస్థితులనూ బట్టి 5 నుంచి 34 శాతం వరకు తక్కువగా ఉంటాయి. అసలు చిక్కంతా పైరుకు యూరియా అందించే నత్రజని దగ్గరే ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వానకాలం, యాసంగి రెండింటా వరి వేసే నల్లగొండ రైతు యూరియా పూర్తిగా మానేస్తే, ఆ లోటు తీర్చేంత పెంట ఎరువు ఊళ్లో దొరకదు. ట్రాక్టర్లు వచ్చాక కొట్టాల్లో పశువులు బాగా తగ్గాయి మరి. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గవలసి వచ్చింది.

మహబూబ్‌నగర్ చల్కల్లో లెక్క వేరు. వానమీదే ఆధారపడి జొన్న, కంది, ఆముదం పండించే ఆ ఎర్రనేలల్లో, తేమ లేకపోతే ఎంత యూరియా చల్లినా పైరుకు అందదు. వేసవిలో ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టించడం, చెరువు మట్టి తోలడం నేలలో తేమను ఎక్కువ రోజులు నిలుపుతాయి. జొన్నలో కంది సాళ్లు పెడితే, నడుమ వానలు ముఖం చాటేసినా కంది ఎంతో కొంత చేతికొస్తుంది. ఆకలికి కారణం ధాన్యం కొరత మాత్రమే కాదు, కొనే శక్తి లేకపోవడం కూడా. కనుక పెట్టుబడి ఖర్చునూ అప్పునూ తగ్గించే సేంద్రియ సాగు ముందుగా పనికొచ్చేది ఇలాంటి మెట్ట ప్రాంతాల చిన్న రైతులకేనని నా అభిప్రాయం. నీటి పారకం ఉన్న తరి పొలాల్లో మాత్రం పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి కలియదున్నుతూ, యూరియాను ఏటా కొంత తగ్గించుకుంటూ రావడమే నయం.