సమాధానం: బెలారస్ అడవిలో గోతి ఇల్లు, నీళ్లు, పొగ సంగతి

మీ కథ 1943 చలికాలం, బెలారస్ అడవి. నేల తవ్వి కట్టుకున్న జెమ్లియాంకాలో (గోతి ఇంట్లో) ఒక కుటుంబం రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల నుంచి దాక్కుంది. లోపలికి నీళ్లు ఊరవా, పొగ ఎటు పోతుంది అని కదా మీ సందేహం.

నీళ్ల సంగతి చోటును బట్టి ఉంటుంది. పైన్ చెట్లున్న ఇసుక మెరకైతే మనిషి లోతు తవ్వొచ్చు. చిత్తడి నేలైతే తక్కువ లోతు తవ్వి, కప్పు ఎత్తు పెంచాలి. అందుకే మీ ఇంటిని వాగు ఒడ్డు నుంచి మెరక మీదికి మార్చండి. గోడలకు దుంగలు, కప్పుకూ దుంగలే, వాటి మీద కొమ్మలు, మట్టి, గడ్డి పెళ్లలు. మీ కథలో పెట్టిన పెద్ద కిటికీ మాత్రం తీసేయండి.

అసలు టెన్షన్ పొగతోనే. ఇనప డ్రమ్ముతో చేసిన పొయ్యి, రేకు గొట్టం పెట్టండి, కానీ రాత్రిపూటే వెలిగించాలి. పగలు పొగ లేస్తే జర్మన్లకు దారి చూపినట్టే. తవ్విన కొత్త మట్టి కుప్ప కూడా పట్టిచ్చేస్తుంది. దాన్ని బస్తాల్లో దూరంగా మోసుకెళ్లి పారబోసే సీన్ ఒకటి రాయండి, బాగా పండుతుంది.

నిజంగా ఇలా బతికారా అని పాఠకులు అడిగితే, బెలారస్‌లోని నలీబోకి అడవిలో జర్మన్లతో పోరాడిన యూదు గెరిల్లాలు బియెల్‌స్కీ సోదరుల శిబిరం ఉండేది. సుమారు 1,200 మంది యూదులు అక్కడ ప్రాణాలతో బయటపడ్డారు. బేకరీ, వర్క్‌షాపులు కూడా నడిపారు.

ముగింపులో 1944లో సొంతింటికి చేర్చారు కదా, అది కుదరదేమో. ఊళ్లకు ఊళ్లే తగలబడ్డాయి. యుద్ధమయ్యాక కూడా చాలామంది ఏళ్ల తరబడి గోతి ఇళ్లలోనే ఉన్నారు.