ఫార్మాట్‌కి ఇచ్చే ముందు

చెన్నై, పడమటి మాంబళం

అమ్మడూ,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. శనివారం నాన్న కంప్యూటర్‌ని రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లి ఫార్మాట్ చేయిస్తానన్నావు, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపించేస్తావు. డాక్యుమెంట్స్, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశానన్నావు. మెయిల్స్ సంగతి అడిగితే "అవి నెట్‌లోనే ఉంటాయి కదత్తా" అన్నావు. నాన్నవి ఉండవమ్మా.

ఆయనకి మెయిల్స్ చూసుకోడానికి థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్ పెట్టిచ్చింది నేనే. అప్పట్లో సర్వర్‌లో ఇచ్చే జాగా చాలా తక్కువ. అందుకని పాప్ పద్ధతిలో పెట్టి, సర్వర్‌లో కాపీ ఉంచొద్దని కూడా నేనే చెప్పాను. అంటే మెయిల్ ఇంట్లోకి దిగగానే అక్కడ చెరిగిపోతుంది. నాన్న పెన్షన్ ఉత్తరాలు, ఇంటి పన్ను రసీదులు, మీ అమ్మ ఆసుపత్రి కాగితాలు అన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. నీ ఆఫీసు మెయిల్ ఐమ్యాప్. అసలు సర్వర్‌లో ఉంటుంది, నీ లాప్‌టాప్‌లో ఉండేది నకలు. అందుకే నీకలా అనిపించింది. దాన్నీ బ్యాకప్ అనుకోకు. ఒక చోట చెరిపితే రెండో చోటా పోతుంది.

ఇంత ఆదుర్దా ఎందుకంటే, నాకు ఒకసారి జరిగింది. జార్జ్ టౌన్‌లో లెక్కలు రాసే రోజుల్లో నా మెయిల్ అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఉండేది. కంప్యూటర్ పాడైతే రిపేరుకిచ్చాను. "డేటా మొత్తం తీశాం మేడమ్" అన్నాడు అబ్బాయి. అతను తీసింది మై డాక్యుమెంట్స్ ఒక్కటే. మెయిల్స్ ఉండే డీబీఎక్స్ ఫైళ్లు పైకి కనబడని ఫోల్డర్‌లో ఉండేవి. అవి అక్కడ ఉంటాయని నాకూ తెలీదు. మీ తాతయ్య ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపిన ఉత్తరాలన్నీ పోయాయి. ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు.

ఇప్పుడు పని చెప్తాను. థండర్‌బర్డ్ తెరిచి హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ నొక్కు. ప్రొఫైల్ ఫోల్డర్ అన్న వరసలో (మెయిల్స్, సెట్టింగులు అన్నీ ఉండే ఫోల్డర్ అదే) ఓపెన్ ఫోల్డర్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ చోటు తెరుచుకుంటుంది. ఆ తర్వాత థండర్‌బర్డ్‌ని మూసెయ్యి. తెరిచి ఉండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైలు రావచ్చు. ఒక్క ఫోల్డర్ పైకెళ్లి, ఆ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చెయ్యి. ఇది కావాలి, అది వద్దు అని ఏరకు.

లోపల మెయిల్ అనే ఫోల్డర్‌లో నాన్న మెయిల్ సర్వర్ పేరున్న ఫోల్డర్ తెరిస్తే ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లు కనబడతాయి. చివర ఎంఎస్ఎఫ్ అని ఉన్నది వట్టి సూచిక, పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారు చేసుకుంటుంది. పేరు చివర ఏమీ లేకుండా బరువుగా ఉన్నదే అసలు ఫైలు. ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి అందులోనే ఉంటాయి. ఎంబాక్స్ అంటారు దాన్ని. నాన్న విడిగా చేసుకున్న ఫోల్డర్లు ఎస్‌బీడీ అని ముగిసే వాటిలో ఉంటాయి, వాటిని మర్చిపోకు. ఆ సైజు చూసి హడలిపోకు. జతచేసిన ఫోటోలు మెయిల్‌లో అసలు కంటే మూడో వంతు ఎక్కువ చోటు తింటాయి. చెరిపేసిన మెయిల్ కూడా కాంపాక్ట్ చేసేదాకా, అంటే ఫైల్లో చెరిపినవాటిని నిజంగా తీసేసి కుదించేదాకా, ఫైల్లోనే ఉంటుంది. కానీ కాపీ చేతికి రాకుండా కాంపాక్ట్ నొక్కకు.

నీ పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 (ఫైళ్లు సర్దే పాత పద్ధతి) అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు దానిలో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. నాన్న ఇన్‌బాక్స్ దాటే ఉంటుందని నా అనుమానం. అలాంటప్పుడు పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మార్చుకోవాలి. మార్చితే అందులో ఉన్నవి చెరిగిపోతాయి, కాబట్టి ఫోటోలున్న దాన్ని ముట్టుకోకు.

కాపీ అయింది కదా అని ఊరుకోవద్దు, తెరిచి చూడాలి. నీ లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ వేసి ఒకసారి తెరిచి మూసెయ్యి. దాని ప్రొఫైల్‌లో మెయిల్, అందులో లోకల్ ఫోల్డర్స్ ఉంటుంది. నాన్న ఇన్‌బాక్స్ ఫైలు నకలు ఒకటి తీసి, పేరు మార్చి అక్కడ పెట్టి మళ్లీ తెరువు. పక్క వరసలో కొత్త ఫోల్డర్ కనబడాలి. బాగా పాతది ఒకటి, నడిమిది ఒకటి, నిన్నటిది ఒకటి తెరిచి చూడు. జతచేసిన కాగితం ఒకటైనా తెరుచుకోవాలి.

ఇంకో మాట. ఆ ప్రొఫైల్‌లో నాన్న దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. ఆ డ్రైవ్‌ని షాపుకి తీసుకెళ్లకు, బీరువాలో పెట్టు.

శుక్రవారం సాయంత్రం నా హార్డ్‌డిస్క్ పట్టుకుని వస్తాను, రెండో కాపీ దానిలో తీసుకుందాం. ఈలోగా ఆ కంప్యూటర్‌ని ఎవరొచ్చి అడిగినా ఇవ్వొద్దని నాన్నకి కూడా చెప్పు.

అత్తయ్య