పాట ఎవరిదో ముందు తేల్చుకో

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన గజేంద్రమోక్షం యానిమేషన్ సంగీత చిత్రం స్క్రిప్టును, దానికి జతచేసిన ఏడు పాటలను శ్రద్ధగా చదివాను. ఎవరి మనోభావాలూ గాయపడకుండా ఉండాలంటే ఇందులో ఏమేం తీసివేయాలో చెప్పమని అడిగావు. తీసివేతల జాబితా ఇవ్వడం నాకు కష్టమేమీ కాదు గాని, దానివల్ల నీ చిత్రం నిస్సారమవుతుందే తప్ప భక్తి పెరగదు. సంగీత చిత్రంలో గౌరవమైనా అగౌరవమైనా మొదట తేలేది పాటను ఎవరి నోట పెట్టామన్న దగ్గర. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

నీ మూడవ పాటను వైకుంఠంలో విష్ణువు పాడుతున్నాడు. తనను ఎవరైనా మనసారా పిలవాలని, ఆ పిలుపు కోసం యుగాలుగా వేచి ఉన్నానని అంటున్నాడు. పాశ్చాత్య యానిమేషన్ చిత్రాల్లో కథానాయకుడు ఆరంభంలోనే తనకు లేనిదేమిటో, తాను కోరేదేమిటో ఒక పాటలో చెప్పుకోవడం స్థిరపడిన పద్ధతి. రాకుమారికో, అనాథ బాలుడికో అది చక్కగా అమరుతుంది. ఏ లోటూ లేనివాడని మనం నమ్మే దేవుడికి అదే పాట ఇచ్చేసరికి ఆయన కథలో మరొక పాత్రగా మిగిలిపోయాడు. చూసేవాళ్లలో ఎవరూ కేసు వేయకపోవచ్చు, ధర్నా చేయకపోవచ్చు. కానీ ఇంట్లో రోజూ దీపం పెట్టే మనిషికి అక్కడ మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు అదే ఘట్టాన్ని పోతన ఎలా నడిపాడో భాగవతం అష్టమ స్కంధం తెరిచి మళ్లీ చూడు. గజేంద్రుడి మొర వినబడగానే విష్ణువు మాట్లాడడు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలను చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవుల మీదికి జారిన జుట్టును సవరించుకోడు, ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మి పైట కొంగును కూడా వదలడు. పద్యం నిండా ఆయన చేయని పనులే ఉన్నాయి; ఆ చేయకపోవడంలోనే ఆయన వేగమంతా తెలుస్తుంది. యానిమేటర్‌కు ఇంతకంటే మంచి వరం దొరకదు. ఎగిరే కొంగు, జారే జుట్టు, ఖాళీగా ఉన్న చేతులు, వెనుక నుంచి పరుగున వచ్చే ఆయుధాలు అన్నీ బొమ్మ కదలికతోనే పలుకుతాయి. తరువాతి పద్యంలో ఆయన వెంట లక్ష్మి, ఆమె వెంట అంతఃపుర కాంతలు, వారి వెనుక గరుత్మంతుడు, ఆయన పక్కన ధనుస్సు, గద, శంఖ చక్రాలు, ఆపై నారదుడు, సేనాపతి విష్వక్సేనుడు, చివరికి వైకుంఠంలో ఉన్న ఆబాలగోపాలమూ వరుసగా కదిలి వస్తారు. నీకు బృందగానం కావాలంటే అదిగో, అక్కడుంది. పరుగెత్తేవాడు మౌనంగా ఉండాలి, వెంట వచ్చేవారు పాడాలి.

లక్ష్మికి ప్రత్యేకంగా ఒక పాట అవసరమని నా అభిప్రాయం. ‘అడిగెదనని కడువడిఁ జను’ అని మొదలయ్యే కంద పద్యంలో ఆమె సంగతేమిటో అడుగుదామని వేగంగా నడుస్తుంది. అడిగితే బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది. తడబడుతూ అడుగు వేస్తుంది, వేయలేక నిలుస్తుంది. దాదాపు అన్నీ లఘువులే, అంటే పొట్టి అక్షరాలే కావడంతో ఆ పద్యాన్ని గట్టిగా చదివితే నడక, ఆగడం రెండూ చెవికే తెలుస్తాయి. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల లెక్కన ఆమె పాదాలు ఎక్కడ పడాలో, ఎక్కడ నిలవాలో ఆ లఘువులే చెబుతాయి. దానికి ట్యూన్ కట్టే సంగీత దర్శకుడిని లయ మార్చవద్దని మాత్రం బతిమాలుకో.

ఇక గజేంద్రుడు. ఈ చిత్రంలో అసలు పాట అతనిది. అతనికి నువ్వు రాసిన ‘కాపాడవా స్వామీ’ అనే పాట మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా ఒకే స్థాయిలో వేడుకుంటూ పోతుంది. మూలంలో మాత్రం అతని మనసు మూడు మెట్లు దిగుతుంది. మొదట ఈ జగత్తు ఎవరివల్ల పుట్టింది, ఎవరిలో లీనమై ఉంది అంటూ తత్త్వం మాట్లాడతాడు. తరువాత, దీనుల పట్ల ఉంటాడని అంటారే, ఆ ఉన్నాడనేవాడు ఉన్నాడో లేడో అని సందేహపడతాడు. ఆ తరువాతే తనలో బలం ఇక లేదని, ధైర్యం సడలిందని, నీవు తప్ప వేరే దిక్కు తెలియదని ఒప్పుకుంటాడు. మతపరమైన చిత్రమంటే సందేహాన్ని తెర మీదికి రానివ్వకూడదని నువ్వు భయపడినట్టున్నావు. తెలుగువాళ్లు తరతరాలుగా పిల్లలకు కంఠస్థం చేయించిన పద్యాల్లోనే ఆ సందేహం ఉంది. దాన్ని తీసివేస్తే శరణాగతికి విలువ ఉండదు. కాబట్టి ఒకే పాటను మూడు ఘట్టాలుగా విడదీసి, మధ్యలో మొసలితో పోరాటం సాగనివ్వు. ఆ పోరు వెయ్యేళ్లు సాగిందంటారు కనుక ఋతువులు మార్చడానికి నీకు కావలసినంత చోటు ఉంది. మూడవ ఘట్టం వచ్చేసరికి వాద్యాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయి గొంతు ఒక్కటే మిగిలితే చాలు.

ఇక్కడొక హెచ్చరిక. బ్రహ్మాది దేవతలు మొర విని కూడా ఊరకున్నారని, విశ్వమంతా తామే అయి ఉండే విశ్వమయత్వం వారికి లేకపోవడమే అందుకు కారణమని పోతన ఒక చిన్న ఆటవెలదిలో చెప్పి ముందుకు సాగిపోయాడు. నువ్వు ఆ సగం పద్యాన్ని ఒక నిమిషం దృశ్యం చేశావు. బ్రహ్మ తామర మీద, శివుడు కైలాసంలో చెవులు మూసుకున్నట్టు కూర్చున్నారు. మాటలో చెప్పి దాటేసిన సంగతి బొమ్మగా నిలిస్తే అపచారమవుతుంది. వీరభద్ర విజయం రాసిన పోతన శివుణ్ణి తక్కువ చేసే ఉద్దేశంతో ఆ మాట అనలేదు. ఆ నిమిషాన్ని కొలను మీద నిశ్శబ్దంగా గడిపెయ్యి. ఎవరి ముఖమూ చూపవద్దు.

మొసలికి ప్రతినాయకుడి పాట ఇచ్చావు. బాగుంది, ఉంచు. కానీ అది దేవల ముని శాపంతో మకరమైన హూహూ అనే గంధర్వుడని, ఏనుగు అగస్త్యుని శాపానికి గురైన ఇంద్రద్యుమ్న మహారాజని నీ స్క్రిప్టులో ఎక్కడా లేదు. సుదర్శనం మొసలి తల తెంచిన తరువాత కథ దుష్ట సంహారంతో ముగియదు. హూహూ శాపం తీరి నమస్కరించి వెళ్తాడు. గంధర్వులు గాయకులు కదా! గాయకుడు శాపవశాన గొంతు పోగొట్టుకుని మొసలి అయ్యాడనుకుంటే నీ ప్రతినాయకుడి పాట అపశ్రుతితో మొదలై చివర శ్రుతిలో పడవచ్చు. ఈ ఊహ నాది, భాగవతంలో లేదు. అయినా కథ స్వభావానికి విరుద్ధం కాదనుకుంటున్నాను.

హాస్యం విషయంలో తోలుబొమ్మలాటను చూసి నేర్చుకో. రంగనాథ రామాయణ ద్విపదలు పాడుతూ రాముడి కథ ఆడించే ఆ కళాకారులు మధ్యలో జుట్టుపోలిగాణ్ణి, బంగారక్కను, కేతిగాణ్ణి దింపి మోటుగానే నవ్విస్తారు. రాత్రంతా సాగే ఆటలో జనం నిద్రపోకుండా ఉండాలి మరి. అయితే ఆ హాస్యం సీతారాముల నోట రాదు, వారి మీద పడదు. కథకు పక్కన నిలబడిన మనుషుల మధ్యే తిరుగుతుంది. నీ గున్న ఏనుగు అల్లరిని అలాగే ఏనుగుల గుంపులో ఉంచు. నారదుడితో అది ఆడే పరాచికాలు మాత్రం తీసెయ్యి. కూచిపూడి యక్షగానాల్లో పాత్ర ప్రవేశించగానే తానెవరో చెప్పుకునే ప్రవేశ దరువు ఉంటుందని నీకు తెలుసు. గజేంద్రుడు త్రికూట పర్వతం మీద తన మందతో ప్రవేశించేటప్పుడు అతని మదమంతా అలాంటి దరువులో వినిపిస్తే, పైన చెప్పిన పాశ్చాత్య పద్ధతిని అరువు తెచ్చుకోవలసిన అవసరమే రాదు.

బొమ్మల గురించి రెండు మాటలు. ఖర్చు తగ్గించడానికి స్టూడియోలో ఒక ఫ్రేమును అద్దంలో తిప్పినట్టు తిప్పి వాడుకుంటారు. ఏనుగు విషయంలో పరవాలేదు. విష్ణువును అలా తిప్పితే ఎడమ భుజం మీది యజ్ఞోపవీతం కుడి భుజం మీదికి వస్తుంది; అది పితృకార్యాల్లో వేసుకునే ప్రాచీనావీతం. చక్రం, శంఖం చేతులు మారతాయి. కేశవాది ఇరవై నాలుగు విష్ణు మూర్తులను వేరుచేసేది నాలుగు చేతుల్లో ఆయుధాల వరుసే కాబట్టి, తిప్పిన బొమ్మ మరొక మూర్తి అవుతుంది. స్క్రిప్టులోనే ‘ఈ పాత్రను తిప్పరాదు’ అని రాసిపెట్టు. రెండవది కళ్లు. పాత్రకు ప్రాణం ఉన్నట్టు కనిపించాలని యానిమేటర్లు రెప్పపాట్లు పెడతారు. అరణ్యపర్వంలో దమయంతి స్వయంవర సభలో నలుడి రూపంలో ఉన్న నలుగురు దేవతలను ఎలా గుర్తుపట్టిందో గుర్తుచేసుకో. వారికి చెమట పట్టలేదు, రెప్ప పడలేదు, పూలు వాడలేదు, పాదాలు నేలను తాకలేదు. రాముడు, కృష్ణుడు మానవ దేహంలో వచ్చినవారు కనుక రెప్ప వేస్తారు, కన్నీరు పెడతారు. నీ కథలో వైకుంఠవాసులకు రెప్పపాటు అవసరం లేదు. శాపం తీరిన క్షణాన మొసలి కళ్లలో రెప్పపాటు ఆగిపోతే ప్రేక్షకుడికి ఏ సంభాషణా లేకుండానే సంగతి తెలుస్తుంది.

సంగీతంలో ఒక్కటే గట్టిగా చెబుతాను. పోరాట దృశ్యానికి ఊపు కోసం వెనుక వేదమంత్రాన్ని కోరస్‌గా వాడవద్దు. వేదానికి స్వరనియమం ఉంది, దాన్ని డ్రమ్స్ తాళానికి వంచకూడదు. స్తోత్రాలు, కీర్తనలు, పద్యాలు కావలసినన్ని ఉన్నాయి. పద్యాన్ని రంగస్థలం మీద పాడినట్టు తాళం లేకుండా పాడించి ముందుగా రికార్డు చేయించి, ఆ తరువాతే బొమ్మలు గీయించు; బొమ్మలు గీసేశాక పద్యాన్ని వాటికి సరిపెట్టబోతే యతి దగ్గర నోరు ఒక తీరు, గొంతు ఒక తీరు అవుతాయి.

ఇదంతా చదివి కట్టుబాట్లు ఎక్కువయ్యాయని అనుకుంటావేమో. త్యాగరాజస్వామి రాసిన సంగీత నాటకం నౌకాచరిత్రంలో యమునలో పడవ ఎక్కిన గోపికలు, వారి గర్వం, తుఫాను, పడవకు పడిన చిల్లు ఇవేవీ భాగవతంలో లేవు. అయినా ఎవరూ ఆయనను తప్పుపట్టలేదు. కల్పన అంతా గర్వభంగానికి, శరణాగతికి దారితీసింది కనుక. మన స్త్రీల పాటల్లో లక్ష్మణదేవర నవ్వు చూడు. నిండు సభలో లక్ష్మణుడు నవ్వితే ప్రతివాడూ తన లోపాన్ని చూసే నవ్వాడని కుమిలిపోతాడు. అంత చమత్కారమూ, ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో ఉన్నంత నిలదీతా సంప్రదాయం లోపలే ఉన్నాయి. సీత గొంతుకు 1920ల నాటి అమెరికన్ జాజ్ పాటలు జోడించిన ‘సీతా సింగ్స్ ద బ్లూస్’ యానిమేషన్ చిత్రం 2008లో వచ్చినప్పుడు కొన్ని హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అందులో ముగ్గురు నీడబొమ్మలు కథ గురించి వాదించుకునే తీరు నాకు నచ్చింది, మన అరుగుల మీద జరిగే వాదనలాగే ఉంది. పాటలు మాత్రం సీతవి కాలేదని నా ఫిర్యాదు. ఆమె దుఃఖాన్ని మన అమ్మమ్మలు ఎప్పటినుంచో పాడుతున్నారు.

అదే సమయంలో బయటివాళ్లు చేయలేరన్న మాటా నిజం కాదు. దర్శకుడు యూగో సాకో జపాన్ నుంచి వచ్చి, రామ్‌మోహన్ వంటి మన యానిమేటర్లతో కలిసి తీసిన రామాయణ చిత్రానికి మొదట్లో ఇక్కడ అనుమానాలు ఎదురయ్యాయి. ఆ చిత్రానికి వన్‌రాజ్ భాటియా సంగీతం సమకూర్చారు, ఇంగ్లీషు రూపంలోనూ పాటలు సంస్కృతంలోనే ఉంచారు. 2025 జనవరిలో అది తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. సంభాషణ ఏ భాషలో నడిచినా పాటను కథ పుట్టిన చోటికి అప్పగించిన ఆ నిర్ణయాన్ని గమనించు.

రెండవ ప్రతి మొత్తం రాయడానికి తొందరపడకు. ముందుగా ఒక్క కాగితం మీద ఏ పాట ఎవరిది, ఆ సమయంలో ఎవరు మౌనంగా ఉంటారు అన్న పట్టిక మాత్రం రాసి పంపు. మీ ఊళ్లో భాగవతం పద్యాలు రాగయుక్తంగా చదివే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే విష్ణువు పరుగు, పరివారం రాక, లక్ష్మి తడబాటు చెప్పే ఆ మూడు పద్యాలూ వాళ్లచేత పాడించి ఫోన్‌లో రికార్డు చేసి జతచెయ్యి. అవి విన్నాక లక్ష్మి పాటకు సాహిత్యం గురించి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన