ఒకే డిస్కును రెండు సర్వర్లు పంచుకోవచ్చా?

ప్రశ్న: అయ్యా, నేను హనుమకొండలోని ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ ల్యాబు బాధ్యతలు చూస్తున్నాను. రెండు సర్వర్లలో ప్రాక్స్‌మాక్స్ (ఒకే యంత్రంలో పలు వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేరుతో సృష్టించిన కంప్యూటర్లను, నడిపే వ్యవస్థ) వేసి, ఒకే జట్టుగా పనిచేసే క్లస్టర్‌గా కలిపాము. ఒకటి ఆగిపోతే దానిలోని వర్చువల్ మెషీన్లు రెండోదానిలో లేవాలన్నది మా ఉద్దేశం. అందుకోసం నాస్ (నెట్‌వర్కులో ఉండే స్టోరేజీ పెట్టె) నుంచి ఐస్కజీ (నెట్‌వర్కు మీదుగా డిస్కును అందించే పద్ధతి) ద్వారా 2 టెరాబైట్ల లన్ (అలా వచ్చే డిస్కు భాగం) తీసుకుని, ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసి, రెండు సర్వర్లలోనూ మౌంట్ చేశాను (వాడకానికి తగిలించాను). మూడో రోజుకల్లా ఒక సర్వర్లో కనిపించే ఫైళ్ళు మరోదానిలో కనిపించలేదు. ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే సగం ఫైళ్ళు, చోటు తెలియనివాటిని పడేసే లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డరులోకి చేరాయి. డిస్కు పాడైందంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: డిస్కు పాడైందనడానికి మీరు చెప్పినదానిలో ఆధారమేమీ లేదు, నాస్ తన పని తాను చేసింది. ఐస్కజీ అందించేది ఫైళ్ళను కాదు, ఉత్త బ్లాకులను, అంటే డిస్కులోని చిన్న గడులను. ఈఎక్స్‌టీ4 మాత్రం ఆ డిస్కు తనొక్కదానిదే అన్న నమ్మకంతో, ఏ బ్లాకు ఖాళీగా ఉందో, ఏ ఫైలు ఎక్కడుందో తెలిపే పట్టికను ర్యామ్‌లో ఉంచుకుని పనిచేస్తుంది. మొదటి సర్వరు ఒక ఖాళీ బ్లాకులో రాసిన సంగతి రెండోదానికి తెలియదు. దాని పట్టికలో ఆ బ్లాకు ఇంకా ఖాళీయే కనుక అది కూడా అక్కడే రాస్తుంది. ఎనుమాముల మార్కెట్లో ఒకే గోదాముకు ఇద్దరు గుమస్తాలు ఎవరి చిట్టా వారు రాసుకుంటూ, ఒకరినొకరు అడగకుండా బస్తాలు దింపించినట్లన్నమాట.

మీ రెండు సర్వర్లకు నేనైతే, నెట్‌వర్కు మీదుగా ఫైళ్ళనే పంచే ఎన్ఎఫ్ఎస్‌నే ఎంచుకుంటాను. అక్కడ ఫైల్ సిస్టమ్ నాస్‌లోనే ఉంటుంది, సర్వర్లు దానిని అడిగి రాస్తాయి, కాబట్టి చిట్టా ఒక్కటే. ప్రాక్స్‌మాక్స్ రూట్ (పూర్తి అధికారాలున్న ఖాతా) హోదాలో రాస్తుంది కనుక నాస్‌లోని ఎక్స్‌పోర్టులో (పంచే ఫోల్డరు అమరికలో) ఆ అధికారాన్ని తగ్గించని నో రూట్ స్క్వాష్ ఇవ్వాలి, అయితే ఆ అనుమతి మీ రెండు సర్వర్ల ఐపీలకే పరిమితం కావాలి. అదే అమరికలో, డిస్కుపైకి చేరాకే బదులిచ్చే సింక్‌ను వేగం కోసం అసింక్‌గా మార్చకండి. డిస్కుపైకి చేరకముందే 'రాసేశాను' అని బదులిచ్చే నాస్, వేసవి సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయిందంటే, ఆ మాట నిలబెట్టుకోలేదు. సర్వర్లలో మౌంటు కూడా హార్డ్‌గానే, అంటే నాస్ బదులివ్వకపోతే లోపమని వదిలేయక మళ్ళీ మళ్ళీ అడిగేలా, ఉండాలి.

ఐస్కజీయే కావాలనుకుంటే లన్‌ను ఫార్మాట్ చేయకుండా, దానిపై ఎల్‌వీఎం (డిస్కును విడి వాల్యూములుగా పంచే లైనక్స్ సాధనం) వాల్యూమ్ గ్రూపు తయారుచేసి, ప్రాక్స్‌మాక్స్‌లో షేర్డ్ అని గుర్తుపెట్టండి. అప్పుడు ప్రతి మెషీను డిస్కు ఒక విడి వాల్యూమ్‌గా ఉంటుంది, ఒక మెషీను ఒకసారి ఒక సర్వర్లోనే నడిచేలా క్లస్టర్ చూసుకుంటుంది. రాసినకొద్దీ చోటు కేటాయించే ఎల్‌వీఎం థిన్‌ను మాత్రం ఇలా పంచుకోవడానికి వీల్లేదు.

నెట్‌వర్కు విషయానికొస్తే, 1 గిగాబిట్ తీగలో సెకనుకు 125 మెగాబైట్లకు మించి పోవు, అదీ లెక్కకే. స్టోరేజీకి విడి స్విచ్చు పెట్టి, ల్యాబు విద్యార్థుల ట్రాఫిక్‌ను దాని దరిదాపులకు రానివ్వకండి. ఎంటీయూ (ఒక ప్యాకెట్టులో పట్టే గరిష్ఠ బైట్లు) 9000 పెడితే సర్వరు, స్విచ్చు, నాస్ మూడింటిలోనూ పెట్టి, ముక్కలు చేయవద్దన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపి చూడండి. హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 9000 అవుతుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటుంది. రెండు సర్వర్ల క్లస్టర్‌లో ఒకటి ఆగిపోతే మిగిలినదానికి రెండింట ఒక ఓటే ఉంటుంది, కోరం (సగానికి మించిన ఓట్లు) రాదు, మెషీన్లు లేవవు. మూలన పడి ఉన్న పాత కంప్యూటరులో క్యూడివైస్ (ఓటు మాత్రమే వేసే చిన్న సేవ) నడిపి మూడో ఓటు ఇప్పించండి, కానీ దానిని అదే క్లస్టర్‌లోని వర్చువల్ మెషీనులో పెట్టకండి. నాస్ ఆగితే రెండు సర్వర్లూ ఆగుతాయి కనుక బ్యాకప్ వేరే పెట్టెలోకి వెళ్ళాలి. పలు డిస్కులను కలిపి, ఒకటి పోయినా డేటాను నిలిపే రెయిడ్ ఆ పని చేయదు.

ఇక పోయిన ఫైళ్ళ సంగతి. ఎఫ్‌ఎస్‌సీకే నడిపినప్పుడు రెండో సర్వర్లో మౌంటు తీసేశారో లేదో మీరు రాయలేదు. తీయకపోయి ఉంటే నష్టం ఇంకా పెరిగి ఉంటుంది. ఇప్పుడు రెండుచోట్లా మౌంటు తీసేసి, మళ్ళీ ఎఫ్‌ఎస్‌సీకే జోలికి పోకుండా, ముందు ఆ లన్‌కు పూర్తి నకలు తీసుకుని, ఏ ప్రయత్నమైనా ఆ నకలు మీదే చేయండి.