టమాటా నారు నాటాక బి1 టానిక్ పోయాలా?

రైతు సందేహం: టమాటా నారు నాటిన వెంటనే బి1 విటమిన్ టానిక్ మొదళ్లలో పోస్తే వేర్లు త్వరగా పట్టుకుంటాయని అంటున్నారు. నిజమేనా? అసలు వేరుకు విటమిన్లు ఎక్కడి నుంచి వస్తాయి?

నిపుణుల సలహా: పోయనక్కర్లేదు. వేరుకు బి1 కావాలన్న మాట నిజమే గానీ, దాన్ని ఆకులే తయారుచేసి కిందికి పంపుతాయి.

ఈ టానిక్ కథ 1930ల నాటిది. అమెరికాలో జేమ్స్ బానర్ అనే శాస్త్రవేత్త బఠాణీ వేరు కొసలను తుంచి, చక్కెర, లవణాలు కలిపిన ద్రావణంలో పెంచారు. బి1, అంటే థయమిన్, కలపకపోతే వాటి ఎదుగుదల ఆగిపోయింది. కలిపితే సాగింది. ఇంకేముంది, మొక్క మొదట్లో బి1 పోస్తే చాలన్న ప్రచారం ఊపందుకుంది. కానీ ఆ ద్రావణంలో పెరిగింది తెగిన వేరు, దానికి పైన ఆకు లేదు! ఆకులున్న మొక్కలకు పోసి చూస్తే చెప్పుకోదగ్గ లాభమేమీ కనిపించలేదు. తర్వాత బానరే టమాటా ఆకు కాడలో ఆహారం దిగే నాళాలను దెబ్బతీసి చూశారు. బి1 కిందికి దిగే దారిలేక, దెబ్బ తగిలిన చోటికి పైన, ఆకు వైపే పేరుకుపోయింది. చక్కెర దిగే ఫ్లోయం నాళాల గుండానే విటమిన్ కూడా దిగుతోందన్నమాట.

పైగా మొక్క వాడిన విటమిన్‌ను ఊరికే పారేయదు. ఎండ ఎక్కువైనప్పుడు ఆకులో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి హానికర పదార్థాలు పుడతాయి. వాటిని అణచడానికి విటమిన్ సి తన ఎలక్ట్రాన్లు ఇచ్చేసి డీలా పడుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం, కొన్ని ఎంజైములు కలిసి దానికి ఎలక్ట్రాన్లు తిరిగి అందిస్తాయి, చిల్లుపడ్డ బిందెకు మాటు వేసి వాడుకున్నట్టు. ఆలస్యమైతే నిమిషాల్లోనే ఆ అణువు విరిగిపోతుంది, ఇక కొత్తది చేసుకోవాల్సిందే. బి1 విరిగితే మొక్క దాన్నీ పారేయదు, పనికొచ్చే ముక్కలను ఏరి మళ్లీ అతికిస్తుంది. నాకు మరీ ముచ్చటేసేది విటమిన్ ఇ సంగతి. ముదురు ఆకు పసుపెక్కేటప్పుడు పత్రహరితం విరిగి, ఫైటాల్ అనే తోక ఊడి వస్తుంది. మొక్క దాన్ని కూడా వదలకుండా విటమిన్ ఇ తయారీకి మళ్లిస్తుంది.

ఇక మీ చేనుకొస్తే, నాటిన తొలి రోజుల్లో మొక్క తల వాల్చిందంటే తక్కువైంది నీరే, విటమిన్ కాదు. నారు పీకేటప్పుడు పీచు వేర్లు తెగిపోతాయి, అవి మళ్లీ వచ్చేదాకా ఆకు వాడకుండా చూసుకోవాలి. కాబట్టి ఎండ తగ్గాక సాయంత్రం నాటి, వెంటనే తడి ఇవ్వండి. అలాగని నీళ్లు నిలబెట్టొద్దు, వేరుకు గాలి ఆడదు. త్వరగా బతుకుతుందని ఆకులన్నీ తుంచి నాటేవాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి, వేరుకు చక్కెరైనా బి1 అయినా వచ్చేది వాటి నుంచే. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేర్లు పుడతాయి, కాస్త లోతుగా నాటినా మంచిదే. అంటు కట్టిన నారైతే మాత్రం అతుకు మట్టికి పైనే ఉండాలి.

ఫలానా టానిక్‌తో వేర్లు బాగా వచ్చాయని ఎవరైనా గట్టిగా చెబితే, సీసా మీది లేబుల్ చదవండి. వేర్లు పుట్టించే హార్మోన్లయిన ఎన్ఏఏ గానీ ఐబీఏ గానీ ఉంటే, పనిచేసింది ఆ హార్మోనే అయి ఉంటుంది. మోతాదు మించితే అదే వేరు ఎదుగుదలను ఆపేస్తుంది.