ఫ్రెషర్స్ పార్టీకి భువనవిజయమా, డీజేనా?

ప్రశ్న: మేడమ్, నెల్లూరులో ఎమ్మే తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాం. దీపావళి అయ్యాక జూనియర్లకు ఫ్రెషర్స్ పార్టీ ఇవ్వాలి. గ్రౌండ్‌లో షామియానా వేద్దామనుకుంటున్నాం. మా వాళ్ళలో సగం మంది డీజే అంటున్నారు, సార్‌లేమో భువనవిజయం (కృష్ణదేవరాయల కొలువులోని కవుల వేషాలు కట్టే రూపకం) వెయ్యమంటున్నారు. కిరీటాల అద్దెకే మా చందాలు చాలవు. ఏం చెయ్యమంటారు?
– ఒక విద్యార్థిని, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: భువనవిజయాలు నా సర్వీసులో చానా చూశాను తల్లీ. సార్‌లు అట్ట కిరీటాలతో కూర్చుంటారు, రాయలవారు మైకు వదలరు, పిల్లలు వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటుంటారు. అయినా మనుమసిద్ధి కొలువులోని తిక్కన మన ఊళ్ళో ఉండగా కవుల కోసం హంపీ దాకా పోవడమెందుకు?

భారతంలో ఆయన తెనిగించిన 15 పర్వాల్లో మొదటిది విరాటపర్వం. జూనియర్లకూ ఇది మొదలే కదా, అందులో ఉత్తర గోగ్రహణం తీసుకోండి. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు ఉత్తరుడి కోతలు, బొమ్మపొత్తికలకు రంగుబట్టలు తెమ్మని ఉత్తర అడగడం, తీరా కౌరవసేన కనబడగానే మన వీరుడు రథం దూకి పరుగో పరుగు! తిక్కన పద్యాల్లోనే సంభాషణంతా ఉంది. నాలుగైదు పద్యాలు గొంతున్న పిల్లతో పాడించి, మిగతాది మన నెల్లూరు మాటల్లో లాగించండి. రథానికి రెండు కుర్చీలు చాలు.

తర్వాత చిన్న అవధానం, అంటే అడిగినవాళ్ళకు అడిగినట్టు అప్పటికప్పుడు పద్యాలు చెప్పడం. ఎనిమిది అంశాలూ వద్దు. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం), దత్తపది (ఇచ్చిన మాటలతో పద్యం చెప్పడం), అప్రస్తుత ప్రసంగం (మధ్యలో సంబంధం లేని మాటలతో అడ్డం పడటం) పెట్టుకోండి. మీకు ఛందస్సు చెప్పే సారును అవధానిగా కూర్చోబెట్టండి, ప్రశ్నలడిగే పృచ్ఛకులు జూనియర్లు. బిర్యానీ, రీలు, రీఛార్జి, బ్యాక్‌లాగ్ – ఈ నాలుగు మాటలతో భారతార్థంలో పద్యం చెప్పమనండి, సారు తంటాలు చూద్దురుగాని. అప్రస్తుతం మాత్రం క్లాసులో అందరికన్నా ఎక్కువ వాగే పిల్లకే. ఆయన పాదం కట్టుకుంటుండగా "సార్, ఇంటర్నల్ మార్కులు వేశారా?" అని అడ్డం పడాలి.

డీజే వాళ్ళను కాదనొద్దు, చివరి అరగంట వాళ్ళకివ్వండి.

షామియానా మాట మాత్రం మర్చిపో. వానల్లేనప్పుడు విరాటపర్వం చదివించడం మన పెద్దల ఆచారం. కార్తీకంలో నెల్లూరుకు ఆ అవసరం లేదు, వాయుగుండం తనంతట తానే వస్తుంది! ప్రిన్సిపాల్‌ని హాలు అడగండి. ఆత్మకూరు, ఉదయగిరి బస్సులెక్కే పిల్లలుంటారు, నాలుగింటికల్లా ముగించండి. మిగిలిన డబ్బుల్తో కేకు కాదు, మలైకాజా తెప్పించండి.