చెరువు గట్టు మీద పెరిగిన అమ్మాయికి ఫుడ్ సేఫ్టీ చదువు

ప్రశ్న: మాది భీమిలి దగ్గర. రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ వద్దు, ఫుడ్ సేఫ్టీ వైపు వెళ్తానంటోంది. అందులో ఉద్యోగాలు ఉంటాయా సార్?

జవాబు: ఉంటాయండీ. లాంగ్ టర్మ్‌కి బలవంతపెట్టకండి.

ఫుడ్ సేఫ్టీ అనగానే మనకి హోటళ్ల మీద దాడులే గుర్తొస్తాయి. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే కేంద్ర సంస్థ దేశమంతటికీ ఆహార ప్రమాణాలు పెడుతుంది, జిల్లాల్లో శాంపిళ్లు తీసేది రాష్ట్ర అధికారులు. రొయ్యల ఎగుమతి దగ్గరికొస్తే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా, ఎగుమతి సరుకు నాణ్యత చూసే ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ కౌన్సిల్ కూడా ఉంటాయి.

ఇన్ని వ్యవస్థలున్నా తప్పు మొదలయ్యేది చెరువు దగ్గరే, అది మీకు తెలియంది కాదు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత మిగిలిపోయి ఉంటుంది. తెల్లమచ్చల రొయ్యలు గట్టు వారకి చేరతాయి. అప్పు తెచ్చి వేసిన సీడ్ (రొయ్య పిల్లలు) కదా, ఆ టెన్షన్‌లో రైతు షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మందు డబ్బా తెచ్చి పోసేస్తాడు. ఈ తెల్లమచ్చల జబ్బు (వైట్ స్పాట్) వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్‌కి లొంగదు. జబ్బు తగ్గదు సరికదా, మందు రొయ్య కండలో ఉండిపోతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందుల ఆనవాళ్లు దొరికితే యూరప్ వాళ్లు కంటైనర్‌నే తిప్పి పంపుతారు. అందుకే పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి ముందే మందుల ఆనవాళ్లు కనిపెట్టే ఎలీసా అనే ల్యాబ్ పరీక్ష పెట్టారు. రైతు ఒక్కడిదే తప్పంటే నేను ఒప్పుకోను. ఆ రోజు గట్టు మీదకి వచ్చి నీళ్లు చూసి, ఇది వైరస్, మందు పోయొద్దు అని చెప్పే మనిషి లేడు. మీ అమ్మాయి ఆ మనిషి కాగలదు.

అందుకే నా మొగ్గు చేపలు, రొయ్యల పెంపకం చదివే బీఎఫ్ఎస్సీ డిగ్రీకి. నాలుగేళ్ల కోర్సు, ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు వస్తుంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. ఆ తర్వాత ఆక్వా ల్యాబులు, రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీలు, మన విశాఖ ప్రాసెసింగ్ ప్లాంట్లు అందుబాటులో ఉంటాయి.

ప్రభుత్వ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కావాలనే పట్టుదల ఉంటే మాత్రం ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చర్, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి డిగ్రీ తీసుకోవాలి. ఆ ఉద్యోగానికి అర్హతలు అవే అడుగుతారు. ఖాళీలు ఏటా పడవు, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం మొదట్లో కష్టమని ఇప్పుడే చెప్పండి అమ్మాయికి. చలి గదులు, గంటల తరబడి నిలబడటం, సీజన్‌లో రాత్రి షిఫ్టులు ఉంటాయి. ఆహారంలో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అడ్డుకునే హ్యాసప్ పద్ధతి చేతికొచ్చాక జీతం, మర్యాద రెండూ పెరుగుతాయి.

ఈసారి పట్టుబడికి ముందు ల్యాబుకి శాంపిల్ ఇవ్వడానికి వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. అక్కడ పనిచేసేవాళ్లతో ఓ అరగంట మాట్లాడనివ్వండి. ఇంటికొచ్చాక ఏం చదువుతావని అప్పుడు అడగండి.